అదిమిన గాలి - నిబంధనల తర్కము

అమెరికాలో ‘ఫస్ట్’ అను సంస్థ 1992 సంవత్సరమున ఉన్నత పాఠశాలల విద్యార్థులకు రోబోట్ల పోటీ నారంభించెను. రోబోటనగా నేర్పినట్లు మెలగు మరబొమ్మ. దాని చేతులను చాచుటకును ముడుచుటకును అదిమి నింపిన గాలిని వాడవచ్చును.

ఆ గాలి నింపిన పాత్ర పగిలినచో ముక్కలెగిరి కంటికి తగులును. కావున నిలువగాలి యొత్తిడి చదరపు అంగుళమునకు 120 పౌనులును, పనిచేయుచోట 60 పౌనులును మించరాదనియు, చేతితో కవాటమును త్రిప్పినంతనే గాలి యంతయు వెడలిపోవలెననియు నిబంధనలు గలవు.

ఇక తర్కము. సైకిలు చక్రమువలె గాలి నింపిన చక్రమునకును ఈ కట్టుబాట్లు వర్తించునా? వర్తింపవని నిబంధనల గ్రంథమే చెప్పుచున్నది. గాలి యెక్కింపని సిలిండరును వట్టి కడ్డీగా వాడినచో? అదియు మినహాయింపే. గాలి నిండు సిలిండరును బరువు తగ్గుటకై తొలువవచ్చునా? కూడదు. గొట్టమును మాత్రము కావలసిన పొడవునకు కోసికొనవచ్చును.

ఇవి పొంతన లేని తీర్పులు కావు. రంధ్రము సిలిండరు బలమును తగ్గించును. గొట్టము కురుచయైనను దాని గోడ బలము తగ్గదు. కడ్డీయైన సిలిండరులో పగిలించుటకు గాలియే లేదు. చక్రములోని గాలి యే చేతిని ఆడింపదు. కావున నిబంధనలోని అక్షరమును పట్టుకొని వాదించుటకు ముందు, అది యే హానిని వారించుచున్నదో విచారింపవలెనని నా మతము.

అయినను మన విచారణయే తీర్పు కాదు. సందేహమున్నవారు ముందుగనే సంస్థ నడుగవలెను. ఆ ప్రశ్నోత్తరములు అందరికిని వెల్లడియగును. పోటీనాడు పరీక్షకుల మాటయే చెల్లును. పరీక్షలో నిలువని మరబొమ్మకు ఆటలో చోటులేదు. పిల్లల వారముల శ్రమ గట్టుననే నిలిచిపోవును.