గ్యాసు పోయిందంటే గండి ఎక్కడో వెతకాలి



ఈవేళ నేను మాట్లాడబోయేది వంటల గురించి కాదు, కుట్లు అల్లికల గురించీ కాదు. పాత లారీలో ఏ.సి. చెడిపోతే తక్కువ ఖర్చులో బాగు చేయించుకోవడం గురించి. "లారీతో మాకేం పనమ్మా?" అని రేడియో కట్టేయకండి. ఇంట్లో ఫ్రిజ్జున్న ప్రతి ఇల్లాలికీ ఇందులో పనికొచ్చే మాట ఒకటైనా ఉంది.

మా మరిదీ, తోడికోడలూ బుక్కరాయసముద్రంలో ఉంటారు. అనంతపురం దాటి తాడిపత్రి రోడ్డు పట్టుకుంటే వచ్చే ఊరే. మరిదికి ఒక పాత లారీ ఉంది. బత్తాయిలూ, చెనక్కాయలూ వేసుకుని బెంగుళూరుకూ, హైదరాబాదుకూ తనే నడుపుకుంటాడు. సెకండుహాండులో కొన్నప్పుడు క్యాబినులో ఏ.సి. ఉండటం చూసి అందరం నవ్వాం. "లారీకి ఈ సోకులెందుకు?" అన్నాం.

ఆ నవ్వు పోయిన ఎండాకాలంలో పోయింది. ఏ.సి. పనిచెయ్యడం మానేసిన నాలుగో రోజు, మిట్టమధ్యాహ్నం, స్టీరింగు ముందు మా మరిదికి కళ్ళు తిరిగాయి. ఎలాగో లారీని పక్కకు తీసి ఆపాడు. క్లీనరు కుర్రాడు తలమీద నీళ్ళు గుమ్మరించి చెట్టు నీడకు చేర్చాడు. వడదెబ్బ అన్నారు డాక్టరుగారు. క్షణం ఆలస్యమయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా సీమ ఎండ మీకు తెలియంది కాదు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. పక్కనే ఇంజను కాగుతుంటే క్యాబినులో ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. అందుకే కొత్తగా తయారయ్యే, మూడున్నర టన్నులు దాటిన సరుకుల బండ్లన్నిటికీ డ్రైవరు క్యాబినులో ఏ.సి. ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధన తెచ్చింది. కొత్త బండ్లకు సరే. పాత బండి ఉన్నవాళ్ళు ఉన్నదాన్నే కాపాడుకోవాలి.

సరే, లారీని ఒక గ్యారేజీకి తీసుకుపోతే "కంప్రెసరు పోయింది, కొత్తది వెయ్యాలి, ఇరవై ఎనిమిది వేలవుతుంది" అన్నారు. సాయంత్రం మా తోడికోడలు నా దగ్గరకొచ్చి, చేతి గాజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎట్ల చేసేదక్కా? ఇవి తాకట్టు పెడితే సరిపోతుందేమో. మనిషి కంటే ఎక్కువ కాదు కదా ఇవి!"

"ఉండు తల్లీ. అసలు పోయిందేమిటో చూసుకుందాం ముందు" అన్నాను.

పెళ్ళికి ముందు నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. ఇన్నాళ్ళూ ఆ చదువు పోపులపెట్టె అడుగున పడి ఉంది. ఆ రాత్రి దాన్ని దులిపి పైకి తీశాను.

మట్టికుండలో నీళ్ళెందుకు చల్లబడతాయి? కొంచెం నీరు పైకి ఊరి, ఆవిరయిపోతూ, లోపలి నీటి వేడిని తనతో పట్టుకుపోతుంది. ఏ.సి. చేసే పనీ అదే. తేడా ఒక్కటే. కుండ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఏ.సి. మాత్రం తన ఆవిరిని మళ్ళీ పట్టుకుని, ద్రవంగా మార్చి, తిరిగి వాడుకుంటుంది. బండ్లలో ఎక్కువగా ఉండే గ్యాసు పేరు ఆర్-134ఎ. నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే ఇది సున్నాకు 26 డిగ్రీల కిందే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనకాల సన్న గొట్టాల్లో ఇది మరుగుతూ క్యాబినులోని వేడిని లాగేసుకుంటుంది. అక్కడినుంచి ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు దాన్ని నొక్కి, రేడియేటరు ముందున్న రెక్కల జల్లెడలోకి తోస్తుంది. దాని పేరు కండెన్సరు. అక్కడ బయటి గాలికి వేడి వదిలేసి ద్రవమవుతుంది. దారిలో తేమను పీల్చే డ్రయ్యరనే డబ్బా ఒకటి, సన్నని బెజ్జమున్న వాల్వు ఒకటి ఉంటాయి. వాటిని దాటి మళ్ళీ మొదటికి. ఇంతే.

ఇందులో గుర్తుంచుకోవలసిన మాట ఏమిటంటే, గ్యాసు పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. చుట్టూ తిరిగేదే. తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాట. బండికి రబ్బరు గొట్టాలుంటాయి గనక ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఊరిపోవడం ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్జుకు అదీ ఉండకూడదు. కాబట్టి "గ్యాసు తగ్గిందమ్మా, కొడతాను" అన్నవాణ్ణి "కారింది ఎక్కడ నాయనా?" అని మీరు తప్పకుండా అడగండి.

మర్నాడు ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు ముగ్గురం వెళ్ళాం. ఆయన స్పానరు పట్టకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"గాలి వస్తోందా?" వస్తోంది. గాలే రాకపోతే ఫ్యూజో, ఫ్యానో, దుమ్ము పట్టిన ఫిల్టరో కారణం. అవి చిన్న ఖర్చులు.

"స్విచ్చి వేస్తే ఇంజను దగ్గర టక్కుమని చప్పుడవుతోందా?" ఇప్పుడు లేదు. ఆ చప్పుడు కంప్రెసరు క్లచ్చి పట్టుకోవడం.

"పాడవక ముందు ఎట్లుండేది?" రోడ్డుమీద పరుగెత్తుతుంటే చల్లగా, ఆగితే వేడిగా ఉండేదని మా మరిది చెప్పాడు. మేస్త్రీ తల పంకించాడు. బండి ఆగినప్పుడే చల్లదనం పోతుంటే ముందు కండెన్సరును అనుమానించాలట. బానెట్టు ఎత్తి చూస్తే ఏముంది! రెక్కల నిండా దుమ్ము, బుడ్డల పొట్టు, ఎండిన పురుగులు. వేడి బయటికి పోయే దారే లేదు.

తర్వాత ఫ్యూజు, రిలే, బెల్టు వరసగా చూశాడు. అన్నీ బాగున్నాయి. మీటరు తగిలించి చూస్తే గ్యాసు బాగా తక్కువగా ఉంది. క్లచ్చికి నేరుగా బ్యాటరీ కరెంటు ఒక్క క్షణం తాకించాడు. టక్కుమంది!

"కంప్రెసరు క్లచ్చికేం కాలేదమ్మా. గ్యాసు తక్కువైతే లోపల ఒక స్విచ్చి దాన్ని పట్టనివ్వదు. ఆ మిషనును కాపాడటానికే ఆ ఏర్పాటు."

మా తోడికోడలు గాజులు తడుముకుంది.

ఇక గండి వెతకాలి. గ్యాసుతోపాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది. అందుకని కారేచోట నూనెకు దుమ్ము పట్టి జిడ్డుమరక కడుతుంది. కండెన్సరు దగ్గర ఒక జాయింటు మీద అలాంటి నల్లమరక కనిపించింది. గొట్టాల్లోకి నైట్రోజన్ నింపి, సబ్బునురగ రాస్తే సరిగ్గా అక్కడే బుడగలు! లోపలి రబ్బరు రింగు ఎండి బీటలువారింది. వడియమంత కూడా లేదు ఆ రింగు.

రింగులు మార్చాడు. గొట్టాలు విప్పితే డ్రయ్యరు తేమ పీల్చుకుంటుంది గనక దాన్నీ మార్చాడు. కండెన్సరును తక్కువ ధారతో, రెక్కలు వంగకుండా, ఇంజను వైపునుంచి ముందుకు కడిగాడు. ముప్పావు గంట వాక్యూం పంపు పెట్టి లోపలి గాలీ, తేమా లాగేశాడు. ఆ తర్వాతే, బండిమీద అంటించిన చీటీలో రాసి ఉన్నంత గ్యాసును తూకం వేసి ఎక్కించాడు. వాక్యూం లేకుండా గ్యాసు కొడితే చవగ్గా అవుతుంది గాని, లోపల మిగిలిన తేమ గడ్డకట్టి వాల్వును మూసేస్తుంది. తర్వాత అంతకు నాలుగింతలు పెట్టాలి. మొత్తం ఖర్చు అయిదు వేలలోపే తేలింది.

రెండు జాగ్రత్తలు. చవక అని కొందరు వంటగ్యాసు ఎక్కిస్తామంటారు. వద్దే వద్దు. క్యాబినులోకి కారితే ఒక్క నిప్పురవ్వ చాలు. రెండోది, గొట్టాలు మనం విప్పకూడదు. పైకి చిమ్మిన గ్యాసు చర్మాన్నీ కళ్ళనూ మంచులా కాల్చేస్తుంది. పాత రోజుల ఆర్-12 గ్యాసు ఓజోను పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, మన దేశంలో 2010 నాటికి దాని తయారీ ఆగింది. ఇప్పటి ఆర్-134ఎ ఓజోనుకు చెరుపు చెయ్యకపోయినా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి దాన్నీ ఊరికే గాలిలోకి వదలకూడదు.

బాగయిన తర్వాత కూడా పని ఉంది. నెలకోసారి కండెన్సరు దుమ్ము కడగాలి. చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏ.సి. నడిపించాలి. లోపల నూనె తిరిగితేనే రబ్బరు సీళ్ళు ఎండిపోవు. ఎండలో ఆగి ఉన్న బండి ఎక్కగానే ముందు కిటికీలు తీసి వేడిగాలి బయటికి పోనిచ్చి, ఆ తర్వాత ఏ.సి. వెయ్యాలి. ఏ.సి. లేని బండయితే తడితువ్వాలు మెడకు చుట్టుకోవడం మంచిది. మా పొడిగాలికి తడి త్వరగా ఆరుతుంది గనక, కోస్తా ఉక్కకంటే ఇక్కడ ఆ ఉపాయం బాగా పనిచేస్తుంది. మంచినీళ్ళ క్యాను, ఉప్పువేసిన మజ్జిగ మరచిపోవద్దు.

బుక్కరాయసముద్రం చెరువుకట్ట కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కట్ట తెగబోతుంటే ఊరికోసం చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చిందని చెప్పుకుంటారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని కావ్యంగా రాశారు. ఆ కట్టమీద నడిచినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. ఏ గండి పడినా ముందు ఇంటి కోడలి వైపే చూస్తారు. ప్రాణం కాకపోతే గాజులు. గండి ఎక్కడుందో ఓపిగ్గా వెతికితే చాలాసార్లు అది చిన్న రబ్బరు రింగంతే ఉంటుంది.

మా తోడికోడలి గాజులు ఆమె చేతికే ఉన్నాయి. మొన్న లారీ బయలుదేరేటప్పుడు ఆమే బానెట్టు ఎత్తించి, "కండెన్సరు కడిగినావా?" అని మొగుణ్ణి నిలదీసింది. మా మరిది నా వైపు చూసి, "వదినా, ఇంట్లోనే మేస్త్రీని తయారు చేసినావే!" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఒక మేస్త్రీ తయారు కావాలని కోరుకుంటూ, సెలవు.