భూమి కదిలినా భవనం నిలబడాలంటే...



2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో, పిల్లలు స్కూలుకు తయారయ్యే వేళ, ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లోనూ కొందరికి ఆ కుదుపు తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్దదే వచ్చింది. "మన వైపు భూకంపాలు రావు" అని పిల్లలకు చెప్పలేం.

భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పే పద్ధతి ఇంకా లేదు. మన చేతిలో ఉన్నది భవనాన్ని సరిగ్గా కట్టుకోవడమే.

రూర్కీలో మొదలు

మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారు రూర్కీ యూనివర్సిటీ ప్రొఫెసర్ జై కృష్ణ. 1960లో అక్కడ భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1962లో 'ఇండియన్ సొసైటీ ఆఫ్ ఎర్త్‌క్వేక్ టెక్నాలజీ' పుట్టింది. ఇంజినీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని, కూలిన భవనాల నుంచి నేర్చుకున్నది పంచుకునే సంఘం ఇది. భూకంపాలను తట్టుకునేలా కట్టడానికి మన తొలి జాతీయ ప్రమాణం, ఐఎస్ 1893, వచ్చిందీ ఆ ఏడాదే. 1977లో ఈ రంగంలోని ప్రపంచ మహాసభ న్యూఢిల్లీలో జరిగింది.

భుజ్ నేర్పిన పాఠం

ప్రమాణం ఉంటే చాలదు, పాటించాలి. 2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగ్ ఉంది. పై అంతస్తులు గోడలతో గట్టిగా ఉంటే, కింద పిల్లర్లు మాత్రమే ఉన్నాయి. ఊపు వచ్చినప్పుడు భారమంతా ఆ పిల్లర్ల మీదే పడింది. ఆ తర్వాత 2002లో ప్రమాణాన్ని సవరించి, ఇలాంటి అంతస్తుల విషయంలో నిబంధనలు కఠినం చేశారు.

మీరు చేయగలిగినవి

• ఫ్లాట్ కొనే ముందు, డిజైన్ ఐఎస్ 1893, ఐఎస్ 13920 ప్రకారం ఉందా అని స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను అడగండి.
• ఇల్లు కడుతుంటే పిల్లర్ల రింగులు చూడండి. వాటి కొసలు 135 డిగ్రీలు వంగి, కాంక్రీట్ లోపలికి ఉండాలి.
• పార్కింగ్‌లో పిల్లర్లను చెక్కనివ్వకండి, గోడలు తీయించేముందు ఇంజినీర్‌ను సంప్రదించండి.
• బీరువాలు, పుస్తకాల అరలు గోడకు బిగించండి. పిల్లల మంచం పక్కన బరువైనవి ఉంచకండి.
• భూమి కదిలితే కిందికి వంగి, బల్ల కిందకు దూరి, దాని కాలు గట్టిగా పట్టుకోవాలని నేర్పండి. లిఫ్ట్ వాడవద్దని చెప్పండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒకసారి సాధన చేయండి. రెండు నిమిషాలు చాలు.