పాత విద్యుత్ కారుకు బ్యాటరీయే జాతకం

తట్టాంచావడి పేరు తెలుగు పాఠకులకు బొత్తిగా కొత్తది కాదు. 2021 శాసనసభ ఎన్నికలలో శ్రీ ఎన్. రంగస్వామి అక్కడా, మన యానాంలోనూ పోటీ చేసి, తట్టాంచావడిలో గెలిచి యానాంలో ఓడిపోయారు. పుదుచ్చేరి పట్టణపు పారిశ్రామిక వాడ ఉన్నదీ ఆ పేటలోనే. అక్కడి మధ్యతరగతి గృహస్థు ఒకరు పాత విద్యుత్ కారు కొనదలచారనుకుందాం. దేశ రాజధానిలో సాగే పన్నుల చర్చకూ, ఆయన గుమ్మం ముందు నిలిచే కారుకూ గల సంబంధం ఆలోచింపదగినది.

2024 డిసెంబరు 21న జైసల్మేరులో సమావేశమైన జి.ఎస్.టి. మండలి, వ్యాపారులు అమ్మే పాత విద్యుత్ కార్లపై పన్నును 12 నుండి 18 శాతానికి పెంచింది. కొత్త కారుపై 5 శాతమే కదా, పాతదానిపై 18 ఏమిటని పలువురు విస్తుపోయారు. నిజానికి ఈ పన్ను మొత్తం ధరపై కాదు. వ్యాపారికి మిగిలే తేడాపై మాత్రమే. తొమ్మిది లక్షలకు కొని పది లక్షలకు అమ్మితే పన్ను 18,000 రూపాయలు. వ్యాపారులు కానివారు తమలో తాము అమ్ముకుంటే అదీ లేదు.

కనుక కొనేవారిని కుంగదీసేది పన్ను కాదు, బ్యాటరీ. కారు ధరలో పెద్ద భాగం దానిదే. పెట్రోలు కారుకు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుదల అంచనా కట్టవచ్చు. లిథియం బ్యాటరీ కదలక నిలిచి ఉన్నా ముసలిదవుతుంది. నిండుగా చార్జి చేసి ఎండలో ఉంచితే మరింత త్వరగా. అమెరికాలోని అరిజోనా ఎడారిలో నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు వేగంగా క్షీణిస్తున్నాయని 2012లో యజమానులు మొరపెట్టుకున్నారు. వాటికి ద్రవంతో చల్లబరచే ఏర్పాటు లేదు. కోరమండల తీరపు వేసవిలో ఈ పాఠం మరువరాదు.

అట్లని బెంబేలు పడనక్కరలేదు. 2001లో బెంగుళూరు నుండి వెలువడిన రేవా కారు సీసపు బ్యాటరీలతో నడిచేది. వాటిని కొన్నేళ్లకే మార్చవలసి వచ్చేది. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారు లిథియం బ్యాటరీకి 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ లభించింది. అయితే హామీలలో ఒక మెలిక ఉన్నది. సామర్థ్యం 70 శాతం దిగువకు పడితేనే అనేక కంపెనీలు బాధ్యత వహిస్తాయి. కొత్తలో 200 కిలోమీటర్లు నడిచిన కారు 70 శాతానికి వచ్చేసరికి 140కే ఆగుతుంది. తట్టాంచావడి నుండి చెన్నైకి సుమారు 150. హామీ చెక్కుచెదరదు, కారు మాత్రం చెన్నై చేరదు!

కొనేవారు కంపెనీ గుర్తింపు గల వర్క్‌షాపు నుండి బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడగాలి. హామీ తమ పేరిట బదిలీ అవుతుందో లేదో కాగితంపై వ్రాయించుకోవాలి. నిండుగా చార్జి చేసి, దూరం నడిపి చూడాలి.

2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఆయువు తీరిన బ్యాటరీల సేకరణ బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. ఐరోపా దేశాల కూటమి 2023 నాటి చట్టం ద్వారా, 2027 ఫిబ్రవరి నుండి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు పాస్‌పోర్టు విధించింది. మృత బ్యాటరీకి దిక్కు చూపిన కేంద్ర ప్రభుత్వం, బ్రతికి ఉన్నదాని నాడి తెలిపే ధ్రువపత్రాన్ని కూడా కారు చేతులు మారే వేళ తప్పనిసరి చేయాలి. సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసి కొంటాడు. పాత కారు కొనేవారికి ఆ పళ్ళు చూపించవలసిన బాధ్యత ఢిల్లీది.