కృష్ణ ఒండ్రును చదివిన ఎయిర్ గన్

కొల్లాపూర్ దగ్గరి సోమశిల వద్ద ఇప్పుడు కృష్ణ శ్రీశైలం జలాశయమై కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. ఆనకట్టలు లేని కాలంలో ఈ నది తెచ్చిన బురదంతా బంగాళాఖాతంలోకే పోయేది. గోదావరిదీ అదే దారి. కోట్ల ఏళ్లుగా పేరుకున్న ఆ ఒండ్రే కృష్ణా-గోదావరి బేసిన్. కిలోమీటర్ల మందాన ఉన్న ఆ పొరల తీరును చమురు, గ్యాస్ బావి తవ్వకముందే పట్టిచ్చే పరికరం ఎయిర్ గన్.

అంతకుముందు సముద్రంలో డైనమైట్ పేల్చేవారు. చేపలు చచ్చి తేలేవి, ఓడలో ఉన్నవాళ్లకూ ప్రాణగండమే. 1960ల్లో అమెరికన్ స్టీఫెన్ చెల్మిన్‌స్కీ మందుగుండు పక్కనపెట్టి గాలిని నమ్ముకున్నాడు. ఉక్కు గదిలో చదరపు అంగుళానికి సుమారు 2,000 పౌండ్ల ఒత్తిడితో గాలిని కూరుతారు. కరెంటు సంకేతం అందగానే లోపలి పిస్టన్ జరిగి, పక్క రంధ్రాలు తెరుచుకుంటాయి. మిల్లీసెకన్లలో గాలి నీళ్లలోకి చిమ్ముతుంది.

అసలు చిక్కు బుడగతో వచ్చింది. అది ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతూ ఒక్క చప్పుడును పలుమార్లు మోగిస్తుంది. అందుకే చిన్నా పెద్దా గన్నులను గుంపుగా కట్టి ఒకేసారి పేలుస్తారు. తొలి దెబ్బలన్నీ కలిసి బలపడతాయి. బుడగల మోతలు తలో వేళకు వచ్చి ఒకదాన్నొకటి చాలావరకు అణిచేసుకుంటాయి. ఈ యంత్రంలో నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది ఈ ఉపాయమే.

ఓడ వెనక ఐదు నుంచి పది మీటర్ల లోతున గన్నులు, వాటి వెనక కిలోమీటర్ల పొడవున, నీళ్లలో చప్పుడును వినే హైడ్రోఫోన్ల తీగలు. సుమారు పది సెకన్లకో దెబ్బ, రాత్రీ పగలూ. అడుగు పొరలను తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వనులే చిత్రమవుతాయి. 2002లో కేజీ-డీ6 అనే బ్లాక్‌లో గ్యాస్ బయటపడింది ఈ బేసిన్‌లోనే. సముద్రపు అడుగుకు సమాంతరంగా సాగే ఒక వింత ప్రతిధ్వని గ్యాస్ హైడ్రేట్లకు, అంటే గ్యాస్‌ను బంధించిన మంచులాంటి పదార్థానికి, ఆనవాలు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దాని జాడ తీశారు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన ఓడ ఈ బేసిన్‌లో తవ్వితే ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్లున్న బంకమట్టి దొరికింది.

ఇంత చూపించిన చప్పుడుకు మూల్యమూ ఉంది. టాస్మానియా తీరంలో జరిగిన ప్రయోగంలో ఒక్క గన్ను దెబ్బలకే 1.2 కిలోమీటర్ల దూరం దాకా జంతు ప్లవకాలు చనిపోయాయని 2017లో ప్రచురించారు. చేపపిల్లల తిండి అదే. మన తీరంలో వేటే బతుకైన ఊళ్లున్నాయి, గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లున్నాయి. శక్తినంతా ఒక్క దెబ్బలో కాక కొన్ని సెకన్ల మీదుగా పంపే మెరైన్ వైబ్రేటర్లపై పరిశోధన నడుస్తోంది. అవి పూర్తిగా చేతికొస్తే, మొదట మన తీరంలోనే వాడాలని నా కోరిక.