రోబో మోటార్లకు రాగి దారి

1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల్ని ఒకదానికొకటి తగలకుండా చుట్టగా చుట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచాడు. వాడేశాక మళ్లీ ఛార్జి చేసుకోగలిగిన తొలి బ్యాటరీ అది. రేకుల వైశాల్యం ఎక్కువ, మధ్య ఎడం తక్కువ కావడంతో లోపలి నిరోధం తగ్గింది. ఆ కాలపు సెల్లులు ఇవ్వలేనంత కరెంటు ఒక్కసారిగా ఇచ్చింది. సరదాగా రోబోలు కట్టేవాళ్లకు బ్యాటరీ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే: లోపలి నిరోధం ఎంత?

1899లో స్వీడన్ ఆవిష్కర్త యుంగ్నర్ నికెల్-కాడ్మియం సెల్లు చేశాడు. 1991లో సోనీ లిథియం-అయాన్ సెల్లును మార్కెట్లోకి తెచ్చింది. దాని తోబుట్టువైన లిథియం-పాలిమర్ ప్యాక్, వాడుకలో లైపో, ఇప్పుడు రోబోల్లో మామూలైపోయింది. 2200 మిల్లీఆంపియర్-అవర్ల చిన్న ప్యాక్ మీద ‘25సి’ అని ఉంటే, 2.2ను 25తో గుణించాలి. అది ఇవ్వగలదని చెప్పే కరెంటు 55 ఆంపియర్లు! ఆ అంకెను కాస్త అనుమానంగానే చూడాలి, తయారీదారులు ఉదారంగా రాస్తుంటారు.

ఇంత కరెంటు ఎందుకంటే, కారణం మోటారు స్వభావం. తిరుగుతున్నప్పుడు మోటారు ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును తానే అదుపు చేసుకుంటుంది. చక్రం గోడకు ఆనుకుని ఆగిపోయిందా, ఆ ఎదురు వోల్టేజి సున్నా. ఇక అడ్డుపడేది చుట్ట నిరోధం ఒక్కటే. అది 0.2 ఓమ్‌లైతే, మూడు సెల్లుల 11.1 వోల్టుల ప్యాక్ నుంచి ఒక్క మోటారే సుమారు 55 ఆంపియర్లు లాగుతుంది. రోబోలోని రెండు మోటార్లూ ఒకేసారి ఆగితే ప్యాక్ వోల్టేజి కుంగిపోతుంది. అదే ప్యాక్ మీద నడిచే కంట్రోలర్ బోర్డు రీసెట్ అవుతుంది. ప్రోగ్రాములో తప్పుందని రాత్రంతా వెతికేవాళ్లు ముందు వోల్ట్‌మీటరు పెట్టి చూడాలి.

ఇప్పుడు తీగ సంగతి. రానూపోనూ కలిపి అర మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగ నిరోధం సుమారు 8.6 మిల్లీఓమ్‌లు. కాగితం మీద అది సున్నాతో సమానంగా కనిపిస్తుంది. కానీ వేడి కరెంటు వర్గంతో పెరుగుతుందని 1840ల్లోనే జౌల్ తేల్చాడు. 55 ఆంపియర్ల దగ్గర ఆ తీగలో 26 వాట్ల వేడి పుడుతుంది, చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో పుట్టేంత. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. సిలికాన్ తొడుగున్న, సన్నని పోగులు వందలకొద్దీ ఉన్న తీగను ఇష్టపడేది ఇందుకే: మందంగా ఉన్నా మెత్తగా వంగుతుంది, వేడికి తొడుగు కరగదు.

అతుకు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పసుపుపచ్చ ఎక్స్‌టీ60 కనెక్టర్‌కు తీగ అతికేటప్పుడు దాని జత ముక్కను బిగించి ఉంచాలి. లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకు ఒరుగుతాయి. కరిగిన సోల్డర్ పిన్ను కప్పులోకి పూర్తిగా పారి, పోగుల మధ్యకు దిగి మెరవాలి. మసకగా ముద్దకట్టిందంటే అతుకు సరిగా పడలేదన్నమాట. ప్యాక్ వైపు ఎర్ర తీగనూ నల్ల తీగనూ ఒకేసారి కత్తిరించకూడదు, కత్తెరే రెండింటినీ కలిపేస్తుంది.

రెండు ప్యాకుల్ని సమాంతరంగా కలిపితే కరెంటు పంచుకుంటాయి, నిజమే. కానీ ఒకటి 12.6 వోల్టులతో నిండుగా, రెండోది 11.1 దగ్గర ఉంటే, మధ్యనున్న 30 మిల్లీఓమ్‌ల గుండా 50 ఆంపియర్లు ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దూకుతాయి. మోటారు ఆన్ చేయకముందే! అందుకే వోల్టేజీలు సమానమయ్యాకే కలపాలి.

ఫ్యూజు ప్యాక్‌కు వీలైనంత దగ్గరగా, పాజిటివ్ తీగ మీద ఉండాలి, దానికి ముందున్న తీగను ఏదీ కాపాడదు. ఇక ప్యాక్‌ను స్పీడ్ కంట్రోలర్‌కు తగిలించగానే వచ్చే నిప్పురవ్వ, అందులోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల. అది పిన్నుల పూతను తినేసి, మనం మందపాటి తీగతో తగ్గించిన నిరోధాన్ని మళ్లీ పెంచుతుంది. పెద్ద రోబోల్లో ముందు చిన్న రెసిస్టర్ ద్వారా కెపాసిటర్లను నింపి, ఆ తర్వాతే అసలు కనెక్టర్ బిగిస్తారు.