స్పానర్ పట్టని చేతులు

విమానంలో ఉద్యోగం అంటే మనకి వెంటనే తోచేవి రెండే: పైలట్, ఎయిర్‌హోస్టెస్. ఇంకాస్త ఆలోచిస్తే మెకానిక్. మన జిల్లాలోనే తోరణగల్లు దగ్గర విమానాశ్రయం ఉంది, ఉడాన్ పథకం కింద 2017లో అక్కడి నుంచి హైదరాబాద్‌కి విమానాలు కూడా మొదలయ్యాయి. అయినా విమానాన్ని భద్రంగా ఉంచే పనిలో స్పానర్ పట్టనివాళ్ళు ఎంతమంది ఉంటారో మనకి పెద్దగా తెలీదు. వాళ్ళ గురించే ఈ వ్యాసం.

శంషాబాద్‌లోని జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి మరమ్మతు కేంద్రానికి ఒక విమానం వచ్చిందనుకోండి. ఏ పని ఏ వరసలో చెయ్యాలో ప్లానింగ్ విభాగం టాస్క్ కార్డులు తయారు చేస్తుంది. స్టోర్స్ వాళ్ళు పార్ట్ నంబరు, దాని సర్టిఫికెట్ సరిచూశాకే వస్తువు ఇస్తారు. బోల్టు ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచి సరిగ్గా చూపిస్తోందా లేదా అని టూల్ రూమ్ వాళ్ళు గడువు ప్రకారం పరీక్ష చేయిస్తారు. ఏ భాగం ఎన్ని గంటలు ఎగిరిందో, ఎప్పుడు మార్చాలో రికార్డ్స్ విభాగం లెక్క రాస్తుంది. అన్నీ అయ్యాక లైసెన్సున్న ఇంజనీరు సంతకం పెడితేనే విమానం మళ్ళీ ఎగరాలి.

ఇందులో ఒక్క మాట పక్కకి పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంగ్లండులో జరిగిన ఒక ఘటన చాలు. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కి బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తులో కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెన్ నడుం దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్ళు గట్టిగా పట్టుకున్నారు, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం, అందరూ బతికారు.

కారణం బోల్టులు. అంతకు ముందురోజు తెల్లవారుజామున ఆ అద్దం మార్చారు. మొత్తం 90 బోల్టుల్లో 84 సుమారు 0.66 మిల్లీమీటరు సన్నవి, మిగతా 6 పొట్టివి. బిగించిన మేనేజరు పార్ట్‌ల పుస్తకం తెరవలేదు, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చుకున్నాడు. అసలు సంగతి ఏంటంటే, ఆ అద్దానికి ఏ బోల్టు వాడతారో స్టోర్స్ సూపర్‌వైజర్‌కి తెలుసు. చెప్పాడు కూడా. కానీ నొక్కి చెప్పలేదు.

సమాచారం ఉండటం ఒకటి, అది చేరవలసిన చేతికి చేరడం ఇంకొకటి. అందుకే మాన్యువల్ భాష మీద కూడా ఇంత పట్టింపు. మా ఇంట్లో అమ్మది కన్నడం, నాన్నది తెలుగు. "మర" అంటే అమ్మకి చెట్టు, నాన్నకి యంత్రం. ఇంట్లో అయితే నవ్వుకుంటాం. హ్యాంగర్‌లో అలాంటి తికమక కుదరదు. ఇంగ్లీషు సొంత భాష కాని మెకానిక్‌లు కూడా తప్పు లేకుండా చదవాలని, విమానాల మాన్యువల్స్ కోసం సరళమైన సాంకేతిక ఇంగ్లీషు ఒకటి తయారు చేశారు. దాని మొదటి మార్గదర్శిని 1986లో వచ్చింది. వీలైనంతవరకు ఒక మాటకి ఒకే అర్థం. "ఫాలో" అంటే వెనక రావడం మాత్రమే, సూచన పాటించమనడానికి "ఒబే" అనాలి. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఇది రాసేవాళ్ళకి యంత్రం తెలియాలి, భాష ఇంకా బాగా తెలియాలి.

మన దేశంలో విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు చదువుకి పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. కాబట్టి ఆర్ట్స్ తీసుకున్న మనకి ఆ సంతకం చేసే దారి నేరుగా లేదు. రికార్డులు, స్టోర్స్, మాన్యువల్ రాసే పనులకి అర్హతలు సంస్థని బట్టి మారతాయి, ఆసక్తి ఉన్నవాళ్ళు ప్రకటనలు వచ్చినప్పుడు చదివి చూడండి. చేరినవాళ్ళు ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి: ఎదుట ఉన్నది మేనేజరే అయినా, బోల్టు నంబరు తప్పని తెలిస్తే రెండోసారి కూడా చెప్పాలి.