పాలు ఎవరికి పథ్యం?

మనిషి పుట్టగానే చవిచూసే మొదటి ఆహారం పాలు. తెలుగువారి జీవితంలో పాలకున్న గౌరవం మరే ఆహారానికీ లేదనవచ్చు. గృహప్రవేశం నాడు పాలు పొంగిస్తాం. 'పాడిపంటలు' అని రెండింటినీ జంటగా పలుకుతాం. అటువంటి పాలను పెద్దవారు అసలు తాగవచ్చునా, మానివేయాలా అన్న ప్రశ్న నేడు వాదవివాదాలకు తావిస్తున్నది. స్థూలకాయం, మధుమేహం విస్తరిస్తున్న కాలంలో ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది నర్సులకే. వైద్యుడు మందు రాసి ఇస్తాడు. "నర్సమ్మగారూ, పాలు తాగవచ్చా?" అని రోగి అడిగేది మాత్రం ఆ పక్కనున్న నర్సును.

గుంటూరు సీమలో నర్సుల సేవకు దీర్ఘచరిత్ర ఉంది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రిని నెలకొల్పింది. నేడు పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలలో నర్సింగు పట్టభద్రులే రక్తపోటు చూసి, బరువు తూచి, పథ్యం చెబుతున్నారు. అందువల్ల వారు చెప్పే మాట వేలాది వంటిళ్లకు చేరుతుంది.

పాల విషయంలో వారిలోనూ రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. మొదటి పక్షం వాదన ఇది: పాలు దూడ కోసం ప్రకృతి ఏర్పరచిన ఆహారం. పెద్దయిన తరువాత ఏ జంతువూ తల్లిపాలు తాగదు. గేదెపాలలో కొవ్వు మెండు. అందులో అధికభాగం సంతృప్త కొవ్వు. కావలసిన కాల్షియం రాగులు, నువ్వులు, మునగాకు వంటి వాటి నుండి లభిస్తుంది. రెండవ పక్షం ఇందుకు సమాధానం చెబుతుంది: మాంసాహారం ముట్టని ఇళ్లలో మేలైన మాంసకృత్తులను, బి12 విటమినును అందించేవి పాలు, పెరుగు మాత్రమే. చేతికందే ఆహారాన్ని మానిపించి, దాని స్థానంలో ఏమి తినాలో చెప్పకపోతే లోపం ఏర్పడుతుంది.

పోషకాహార శాస్త్రజ్ఞుల సలహాలు కూడా దేశాన్ని బట్టి మారుతున్నాయి. కెనడా ప్రభుత్వం 2019లో తన ఆహార మార్గదర్శికలో పాలకు ఉన్న ప్రత్యేక వర్గాన్ని తొలగించి, వాటిని మాంసకృత్తులనిచ్చే పదార్థాలలో కలిపివేసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, రోజుకు 2000 కేలరీల సమతులాహారంలో 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగుకు చోటిచ్చింది. ఈ భేదం ఎందుకు వచ్చిందో తెలియాలంటే పాలను విడిగా చూడరాదు. తాగేవారి తక్కిన ఆహారాన్ని, వారు చేసే శ్రమను కూడా పరిశీలించాలి.

ముందుగా మన ప్రాంతపు ఆహారం ఎలా మారిందో చూద్దాం. ఒకప్పుడు పలనాడు, ఒంగోలు మెట్టప్రాంతాలలో జొన్నలు, సజ్జలు, వరిగలే ప్రధానాహారం. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూటిని వేళాకోళం చేశాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో మెట్టభూములలో వరి పండింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో పేదవాని కంచంలోకి కూడా తెల్లన్నం వచ్చింది. ఆకలి తీరడం గొప్ప మేలే. అయితే, జొన్నరొట్టె స్థానాన్ని అన్నం ఆక్రమించగా, నడక స్థానాన్ని మోటారు సైకిలు ఆక్రమించింది. తినే తిండికీ చేసే పనికీ ఉన్న పొంతన చాలామంది జీవితాలలో చెదిరిపోయింది.

దాని ఫలితం అంకెలలో కనిపిస్తుంది. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. 1.6 మీటర్ల ఎత్తు గల వ్యక్తి 64 కిలోల బరువుంటే ఈ సూచిక 25 అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సూచిక 25 గాని అంతకు మించి గాని ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు, సుమారు 15 శాతం మంది ఉండవలసినదానికంటే తక్కువ బరువున్నట్లు తేలింది. ఒకే రాష్ట్రంలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో, అతిపోషణ, అల్పపోషణ పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

ఈ నేపథ్యంలో ఇద్దరు వ్యక్తులను ఊహించుకుందాం. ఒకరు గుంటూరు మిర్చియార్డు సమీపంలో దుకాణంలో కూర్చుని లెక్కలు చూసుకునే వ్యాపారి. వయస్సు నలభై అయిదు. నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటింది. అతడు రోజుకు అరలీటరు గేదెపాలు ఏదో ఒక రూపంలో తీసుకుంటాడు. వాటినుండి 500 కేలరీలకు పైగా శక్తి వస్తుంది. ఆరుసార్లు టీ తాగుతూ, ప్రతిసారీ రెండు చెంచాల పంచదార వేసుకుంటే పంచదార ద్వారానే మరో 240 కేలరీలు చేరతాయి. దీనిపై మీగడపెరుగు, పొడి అన్నంలోకి నెయ్యి సరేసరి. పూర్తి వెన్న గల 300 మిల్లీలీటర్ల పాలలో 18 గ్రాముల కొవ్వు ఉంటుంది. డబుల్ టోన్డ్ పాలలో అది నాలుగున్నర గ్రాములే. కనుక అతనికి నర్సు చెప్పవలసింది పాలరకం మార్చమని, పంచదార తగ్గించమని, నడవమని. పాలు పూర్తిగా మాని, టీకి బదులు శీతలపానీయం పట్టుకుంటే ఒరిగేదేమీ లేదు.

రెండవ వ్యక్తి తెల్లవారకముందే మిరపకోతకు బయలుదేరే కూలితల్లి. ఇంటిముందు పాడిగేదె ఉంది. వడ్లమూడిలోని సంగం డెయిరీ వంటి పాడిసంస్థలు ఈ సీమలో పల్లెపల్లెకూ పాలసేకరణను విస్తరింపజేశాయి. పాలడబ్బులు రైతుకూలీ ఇంటికి ఊపిరి వంటివి. దాణా, పిల్లల ఫీజులు, అప్పువాయిదాలు వాటితోనే గడుస్తాయి. కాని పాలన్నీ కేంద్రానికి చేరినప్పుడు, గేదెను మేపిన తల్లికి టీనీళ్లే మిగులుతాయి. అటువంటి స్త్రీకి 'పాలు మానండి' అన్న సలహా అర్థరహితం. ఆమె ఏనాడూ తాగలేదు కాబట్టి మానవలసిన అవసరమే లేదు.

అయితే ఇక్కడ మరొక విషయం గ్రహించాలి. పాలలో ఇనుము అత్యల్పం. రక్తహీనత ఉన్న బాలికకు పాలగ్లాసు ఇచ్చి ఊరుకుంటే రక్తం వృద్ధి కాదు. ఇనుము మాత్రలతోపాటు గుడ్డు, పప్పు, ఆకుకూరలు, వాటిలోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మ, ఉసిరి వంటివి కావాలి. భోజనం చేసిన వెంటనే తాగే టీ ఇనుమును ఒంటబట్టనీయదు. 2013లో ఆరంభమైన 'అన్న అమృత హస్తం' పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే పూర్తి భోజనంతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. అక్కడే కూర్చుని తినాలన్న నియమంలో లోకజ్ఞానం ఉంది. ఇంటికి తీసుకువెళితే ఆ తల్లి తన వాటాను అందరికీ పంచి ఉండేది.

పాలు జీర్ణమయ్యే తీరు కూడా అందరిలో ఒకేవిధంగా ఉండదు. పాలలోని చక్కెరను లాక్టోజు అంటారు. బాల్యం గడిచాక దానిని అరిగించే శక్తి చాలామందిలో సన్నగిల్లుతుంది. 1981లో వెలువడిన ఒక పరిశోధనలో దక్షిణాదిన పరీక్షించినవారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి లాక్టోజు సరిపడలేదని, ఢిల్లీలో ఆ సంఖ్య 27 శాతమని తేలింది. పాలు తోడుకున్నప్పుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని ఆమ్లంగా మారుస్తాయి. అందువల్ల పాలు పడనివారిలో అనేకులకు పెరుగు, మజ్జిగ పడతాయి. మిరపసీమలో భోజనం చివర పెరుగన్నం తప్పనిసరి కావడానికి మరో కారణమూ ఉంది. మిరపలోని ఘాటు పదార్థం నీటిలో కరగదు. పాలలోని కేసీను అనే మాంసకృత్తి దానిని పట్టుకుని తొలగిస్తుంది. గోంగూర పచ్చడి, కొరివికారం తిన్న నోటికి నీళ్లకంటే మజ్జిగ చల్లదనమిచ్చేది ఇందుకే.

ప్రాచీనులు ఈ భేదాలను గుర్తించకపోలేదు. చరకసంహిత అతిస్థూలుని, అతికృశుని ఇద్దరినీ నింద్యుల జాబితాలో చేర్చింది. ఆవుపాలకంటే గేదెపాలు గురుత్వం గలవని, నిద్రపట్టనివారికి, జఠరాగ్ని అధికంగా గలవారికి హితమని పేర్కొన్నది. ఒకే పదార్థం ఒకరికి పథ్యమై, మరొకరికి అపథ్యం కావచ్చుననే వివేకం అందులో ఉంది.

ఆ వివేకం లోపించినప్పుడు జనం ఒక అంచునుండి మరో అంచుకు పరుగెడతారు. ఉప్పు, నూనె విడిచి పచ్చికూరలు, పండ్లు తినమని మంతెన సత్యనారాయణ రాజు చిరకాలంగా బోధిస్తున్నారు. అన్నం మాని కొబ్బరినూనె, నెయ్యి, వెన్న వంటి కొవ్వులపై ఆధారపడే పద్ధతిని వీరమాచనేని రామకృష్ణ 2017, 2018 సంవత్సరాలలో విస్తృతంగా ప్రచారం చేశారు. పరస్పరం విరుద్ధమైన ఈ రెండింటికీ వేలాది అనుయాయులు ఏర్పడ్డారు. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా ఆహారాన్ని ఒక్కసారిగా మార్చితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ పక్షానికి చెందిన నర్సయినా ఈ హెచ్చరిక మాత్రం తప్పక చేస్తుంది.

కాబట్టి 'పాలు మంచివా, చెడ్డవా?' అన్న ప్రశ్నకు లోకమంతటికీ సరిపోయే సమాధానం లేదు. అనుభవజ్ఞురాలైన నర్సు ముందుగా బరువు తూస్తుంది; నడుము కొలుస్తుంది; పని ఏమిటో, ఇంట్లో ఏమి వండుతారో, ఎవరు చివర తింటారో అడుగుతుంది. ఆ తరువాతే పాలమాట ఎత్తుతుంది. విద్యార్థులు కూడా తమ ఇంట్లో ఈ పరిశీలన చేయవచ్చు. ఇంటికి వచ్చిన పాలలో ఎవరి వంతు ఎంత? తండ్రికి, అన్నకు గ్లాసునిండా పోసి, తల్లికి, చెల్లికి అడుగున మిగిలినవి ఇస్తున్నారా? అవసరానికి మించి తీసుకునేవారి గ్లాసునుండి కొంత తగ్గించి, అవసరమైనవారి గ్లాసులోకి చేర్చగలిగితే ఆ ఇంట ఇద్దరి ఆరోగ్యమూ మెరుగుపడుతుంది.